ఐదు జతల ఎడ్లు, నలభై మూడు పాములు



ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థన ముగిసి అందరూ చెప్పులు వేసుకుంటుండగా, మన సంఘంలోని ఒక తల్లి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఏదో చెప్పాలని ఉంది, చెప్పలేకపోతోంది. "ఏమ్మా, అబ్బాయి క్షేమమేనా?" అని అడిగాం. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, "మావాడి కోసం ప్రార్థన చెయ్యండి అయ్యగారూ. వాడింట్లో పాములున్నాయి" అంది.

"చంపేశారా? ఎవరినైనా కరిచిందా?" అని కంగారుగా అడిగాం. మన ఊళ్లో ఇంట్లో పాము అంటే ముందు అడిగేది అదే కదా.

"చంపేదేంటయ్యా! వాడే డబ్బులు పోసి కొనుక్కొచ్చి పెంచుతున్నాడు. ఒకటి కాదు, నలభై మూడు."

మాకు నవ్వొచ్చింది. నవ్వేశాం కూడా. ఆ తల్లి నవ్వలేదు. "ఆగస్టులో వాళ్ల నాన్నకి గుండె ఆపరేషన్ కదయ్యా. వాడు రాలేనంటున్నాడు. గుడ్లు పిల్లలయ్యే సమయమంట" అంది.

అప్పుడు మా నవ్వు ఆగిపోయింది.

ఆ కుటుంబాన్ని అడిగి, వాళ్లు సరేనన్నాకే ఇది రాస్తున్నాం. పేర్లు అవసరం లేదు. మీలో కొందరికి వాళ్లెవరో తెలిసినా బయట మాట్లాడవద్దని మనవి. ఆ అబ్బాయి మన సండే స్కూలులో వాక్యాలు కంఠతా పట్టి బహుమతులు తీసుకున్నవాడే. ఇప్పుడు అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో కంప్యూటర్ ఉద్యోగం. తాగుడు లేదు, పేకాట లేదు, చెడు స్నేహాలు లేవు. దశమభాగం తప్పకుండా పంపుతాడు. మరి అలాంటివాడి విషయంలో ఒక తల్లి కన్నీళ్లు పెట్టుకోవడానికి కారణమేంటి? ఈ ప్రశ్న మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక అతనికి వీడియో కాల్ చేశాం. కోప్పడదామనే చేశాం. కానీ పాముల మాట ఎత్తగానే ఆ పిల్లవాడి మొహం వెలిగిపోయింది. "చూపిస్తాను ఉండండి అయ్యగారూ" అని ఒక గదిలోకి తీసుకెళ్లాడు. గోడ పొడవునా అరలు, ఒక్కో అరలో ఒక ప్లాస్టిక్ సొరుగు, ఒక్కో సొరుగులో ఒక పాము. కింద సన్నగా వెచ్చదనమిచ్చే పట్టీలు, ఆ వేడి హెచ్చుతగ్గులు కాకుండా చూసే పరికరాలు, ప్రతి సొరుగు మీద ఒక చీటీ. ఎప్పుడు తిన్నది, ఎప్పుడు కుబుసం విడిచింది, బరువెంత, అన్నీ రాసి ఉన్నాయి. మన సంఘం హాజరు పుస్తకం అంత శుభ్రంగా ఉండదని మాకు సిగ్గేసింది.

ఎలా మొదలైందని అడిగాం. ఊరు మారిపోతున్న స్నేహితుడొకడు ఒక బల్లిని ఇచ్చి వెళ్లాడట. లెపర్డ్ గెక్కో అంటారు, ఒంటినిండా చిరుతపులి మచ్చలుంటాయి. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, మన దేశపు వాయవ్య మూల ఉండే పొడి నేలల జాతి అది. మన గోడ మీది బల్లిలా కాదు, దానికి కనురెప్పలుంటాయి. కళ్లు మూసి తెరుస్తుంది. బాగా చూసుకుంటే పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. దానికో గాజు పెట్టె, కింద వేడి, తినడానికి పురుగులు, ఆ పురుగుల మీద చల్లడానికి కాల్షియం పొడి. కాల్షియం తగ్గితే ఎముకలు మెత్తబడి కాళ్లు వంకర్లు పోతాయి. ఇవన్నీ అతను రాత్రిళ్లు కూర్చుని చదివి నేర్చుకున్నాడు. ఇంతవరకు ఇందులో తప్పేముంది? ఏమీ లేదు.

తర్వాత ఒక బాల్ పైథాన్ కొన్నాడు. ఘనా, టోగో, బెనిన్ లాంటి పశ్చిమ ఆఫ్రికా దేశాల చిన్న కొండచిలువ అది. విషం లేదు. మూడు నాలుగు అడుగులుంటుంది. భయమేస్తే తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది, అందుకే ఆ పేరు. అసలు వ్యసనం ఇక్కడ మొదలవుతుందని అతనే చెప్పాడు. ఈ పాముల్లో రంగులు, చారలు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే తీరును పెంపకందారులు పట్టుకున్నారు. 1992లో అమెరికాలో తెలుపు, పసుపు కలిసిన అల్బినో పిల్లలను పుట్టించగలిగారు. అప్పటి నుంచి ఒకదానితో ఒకటి కలుపుతూ పోతే ఇవాళ రంగుల కలయికలు వేలల్లో ఉన్నాయి.

లెక్క ఎలా పెరుగుతుందో చూడండి. అల్బినో లక్షణం బయటికి కనబడాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా రావాలి. పైకి మామూలుగా కనబడుతూ ఆ లక్షణాన్ని లోపల దాచుకున్న జంటను కలిపితే, ఒక్కో గుడ్డులో అల్బినో ఉండే అవకాశం నాలుగింట ఒకటి. గుడ్లు చూస్తే ఆరో ఏడో. కాబట్టి ఒక పాము చాలదు, జంట కావాలి. ఒక జంట చాలదు, ఇంకో రంగు జంట కావాలి. పుట్టిన ఆడపిల్లల్లో మంచివాటిని అట్టిపెట్టుకోవాలి. అవి ఈడుకు రావడానికి దాదాపు మూడేళ్లు. ఆ మూడేళ్లకు మరిన్ని సొరుగులు. అన్నీ తినేది ఎలుకలనే. మొదట గడ్డకట్టించిన ఎలుకలు కొని ఫ్రీజర్‌లో పెట్టాడు. ఖర్చు తగ్గుతుందని తర్వాత ఎలుకలను కూడా పెంచడం మొదలుపెట్టాడు. ఇప్పుడు పాముల కోసం ఎలుకలు, ఎలుకల కోసం మేత, ఆ వాసన పోవడానికి ఫ్యాన్లు. ఉదయం గంటన్నర, రాత్రి రెండు గంటలు. శనివారం శుభ్రం చేయడానికే సరిపోతుంది. ఆదివారం ఎక్కడైనా సరీసృపాల ప్రదర్శన ఉంటే అక్కడ. జర్మనీలోని హామ్ పట్టణంలో వీటికి పెద్ద సంత జరుగుతుందట, ఎప్పటికైనా అక్కడికి వెళ్లాలని అతని కోరిక.

"ఏ రోజు ఎక్కువైందని నీకు అనిపించింది బాబూ?" అని అడిగాం. చాలాసేపు ఆలోచించాడు. "అలాంటి రోజేదీ లేదయ్యగారూ. ప్రతిసారీ ఇంకొక్కటే కదా అనిపించింది" అన్నాడు.

సహోదరులారా, ఈ మాటే మనల్ని ఆపి ఆలోచింపజేయాలి. నలభై మూడు పాములు పెంచుదామని ఎవరూ మొదలుపెట్టరు. ఇంకొక్కటే అనుకుంటూ నలభై మూడుకు చేరతారు.

ఇప్పుడు లేఖనంలోకి వద్దాం. ముందుగా ఒక సందేహం తీర్చాలి. పాము సాతాను రూపం కదా, విశ్వాసి ఇంట్లో పాము ఉండొచ్చా అని మనలో కొందరు అడుగుతారు. ఏదెను తోటలో అపవాది పామును వాడుకున్నాడు, నిజమే. కానీ నేలను పాకే ప్రతి జీవినీ చేసింది దేవుడే, చూసి మంచిదన్నది దేవుడే. ఓడలోకి నోవహు ఆవుల్ని, పావురాలనే ఎక్కించలేదు, పాకేవాటినీ ఎక్కించాడు. సామెతల గ్రంథం చివర్లో ఆగూరు అనే జ్ఞాని, చేతికి చిక్కేంత చిన్న బల్లి కూడా రాజుల ఇళ్లలో కాపురముంటుందని ముచ్చటపడ్డాడు. లేవీయకాండం వాటిని తినకూడదని ఇశ్రాయేలీయులకు చెప్పింది గాని, చూసి ఆనందించకూడదని చెప్పలేదు. నాతాను ప్రవక్త దావీదుకు చెప్పిన కథలో పేదవాడు తన గొర్రెపిల్లను కూతురిలా ఒడిలో పెట్టుకుంటాడు. ఆ ప్రేమను దేవుడు తప్పు పట్టలేదు, దాన్ని చంపినవాణ్ణి తప్పు పట్టాడు. కనుక జంతువును ప్రేమించడం పాపం కాదు. ఏ జంతువు అన్నది కూడా ప్రశ్న కాదు.

మరి ప్రశ్న ఏమిటి? లూకా సువార్త పద్నాలుగో అధ్యాయం తీయండి. ఒకడు గొప్ప విందు చేసి అందరినీ పిలిచాడు. వేళయ్యాక పనివాడు వెళ్లి రమ్మంటే ఒక్కొక్కరూ సాకులు చెప్పారు. ఒకడు పొలం కొన్నాడు, చూసుకోవాలి. ఇంకొకడు ఐదు జతల ఎడ్లు కొన్నాడు, వాటిని పరీక్షించుకోవాలి. మూడోవాడు పెళ్లి చేసుకున్నాడు. వీళ్లలో దొంగ లేడు, తాగుబోతు లేడు. ఎడ్లు కొనడం పాపమా? మన రైతులకు తెలుసు, కొత్త ఎడ్లను కాడికి కట్టి చూడాలని ఎంత ఉబలాటంగా ఉంటుందో. కానీ ఆ విందుకు వెళ్లి వచ్చేలోగా ఎడ్లు ఎక్కడికీ పోవు. పిలుపు వచ్చినప్పుడు లేవలేకపోయాడు, అక్కడ పడిపోయాడు.

ఆ పదిమందిని పోషించే ఎడ్ల బదులు నలభై మూడు పాములను పెట్టండి. విందు బదులు తండ్రి ఆపరేషన్ బల్లను పెట్టండి. కథ మారిందా?

ఆపరేషన్ రోజు ఉదయం మేము విజయవాడ ఆసుపత్రిలో ఆ తండ్రి పక్కన ఉన్నాం. లోపలికి తీసుకెళ్లే ముందు ఆయన ఫోన్ అడిగాడు. కొడుకు వీడియోలో కనబడ్డాడు. ఏడుస్తున్నాడు, నిజంగానే. అతని వెనక పొదిగే పెట్టె కనబడుతోంది. బాల్ పైథాన్ గుడ్లు పిల్లలవడానికి ముప్పై ఒకటి, ముప్పై రెండు డిగ్రీల వేడిలో దాదాపు రెండు నెలలు పడుతుంది. ఆ వారమే వాటికి సమయం. తండ్రి కొడుకును ఒక్క మాట కూడా అనలేదు. "నీ గుడ్లు ఎన్ని పగిలాయిరా?" అని అడిగాడు. కొడుకు "పదకొండు నాన్నా" అన్నాడు. ఆయన తల ఊపి ఫోన్ మా చేతికిచ్చాడు. స్ట్రెచర్ తోసుకెళ్లిపోయారు. దేవుని కృపవల్ల ఆపరేషన్ బాగా జరిగింది. ఆయన ఇప్పుడు సాయంత్రాలు చెరువు గట్టు మీద నడుస్తున్నాడు. కానీ ఆ ఉదయం ఆ ఇద్దరికీ తిరిగి రాదు.

సంఖ్యాకాండంలో మోషే ఇత్తడి సర్పాన్ని చేశాడు. అది విగ్రహం కాదు, దేవుడే చేయమన్నాడు. పాము కాటు తిన్నవాళ్లు దాన్ని చూసి బతికారు. మన ప్రభువు తన సిలువను గురించి చెప్పేటప్పుడు దాన్నే గుర్తుచేశాడు. అంత మంచి వస్తువు. కానీ రాజుల రెండో గ్రంథం పద్దెనిమిదో అధ్యాయంలో వందల ఏళ్ల తర్వాత దాన్ని మళ్లీ చూస్తాం. ప్రజలు దానికి ధూపం వేస్తున్నారు. హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేసి, అది ఉత్త ఇత్తడి ముక్కేనన్నట్టు నెహుష్టాను అని పేరు పెట్టాడు. ధూపం వేయడం ఏ రోజు మొదలైందో బైబిల్ చెప్పలేదు. బహుశా అలాంటి రోజేదీ లేదేమో. మొదట జ్ఞాపకంగా దాచారు, తర్వాత శుభ్రంగా తుడిచారు, తర్వాత ముందు దీపం పెట్టారు, ఆ తర్వాత ధూపం. మంచిది మెల్లమెల్లగా దేవుని చోట కూర్చుంది.

మన ఊళ్లో ఉన్నవాళ్లు ఇది అమెరికా సంగతి అనుకుని తేలిగ్గా తీసుకోవద్దు. సంక్రాంతి పందెం కోడికి జీడిపప్పు, బాదంపప్పు లెక్కపెట్టి తినిపించి, పిల్లల పుస్తకాలకు డబ్బుల్లేవని చెప్పే తండ్రులు మనకు తెలుసు. కొందరి ఇళ్లలో నక్షత్ర తాబేలు కూడా ఉంది. అదుంటే కలిసొస్తుందట! విశ్వాసులు అలాంటి నమ్మకం పెట్టుకోవడం ఒక తప్పు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడుతున్న ఆ జీవిని రాయలసీమ తుప్పల్లోంచి పట్టుకొచ్చి తొట్టిలో పెట్టడం ఇంకో తప్పు. అది నేరం కూడా. విదేశీ జాతులు పెంచేవాళ్లు కూడా తెలుసుకోండి, అంతర్జాతీయ ఒప్పందంలో ఉన్న జీవులను పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలని 2024లో కేంద్ర ప్రభుత్వం నియమాలు తెచ్చింది. పట్నం అక్వేరియం దుకాణాల్లో పిల్లలు మారాం చేస్తే కొనిచ్చే చిన్న పచ్చ తాబేలు కూడా మన నేలది కాదు, అమెరికా మిసిసిపీ నది ప్రాంతానిది. కొన్నప్పుడు అరచేతిలో పట్టేస్తుంది. పెరిగితే దాదాపు అడుగు పొడవు, ముప్పై ఏళ్లు బతకగలదు. దాని ఒంటి మీద ఉండే సాల్మొనెల్లా క్రిములతో పిల్లలు జబ్బుపడుతున్నారని అమెరికాలో 1975లోనే నాలుగు అంగుళాలకన్నా చిన్న తాబేళ్ల అమ్మకాన్ని ఆపేశారు. మన దగ్గర విసుగు పుట్టగానే చెరువులో వదిలేస్తారు. అది అక్కడి మన తాబేళ్ల మేతకు అడ్డుపడుతుంది.

వదిలేసిన సరదా ఎంత దూరం వెళ్తుందో ఫ్లోరిడాను చూస్తే తెలుస్తుంది. బర్మా కొండచిలువలను పెంపకానికి తెచ్చుకున్నవాళ్లు, అవి పెద్దవయ్యేసరికి భరించలేక అడవుల్లో వదిలారు. 1992లో వచ్చిన ఆండ్రూ తుపానుకు ఒక పెంపకశాల దెబ్బతిని మరికొన్ని బయటపడ్డాయి. అవి అక్కడి ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో స్థిరపడ్డాయి. అవి పెరిగాక రకూన్ అనే జంతువు అక్కడ కంటబడటం 99 శాతం తగ్గిపోయిందని 2012లో శాస్త్రవేత్తలు చెప్పారు. వదిలినవాళ్లలో చాలామంది తాము దయ చూపుతున్నామనే అనుకుని ఉంటారు.

ఇష్టం మితిమీరితే నష్టపోయేది మనిషి మాత్రమే కాదు. నీతిమంతుడు తన పశువు ప్రాణాన్ని కూడా పట్టించుకుంటాడని సామెతలు పన్నెండో అధ్యాయం నేర్పుతుంది. ఒక్క బల్లి ఉన్నప్పుడు మన అబ్బాయి దాని ప్రతి కదలికనూ చూసేవాడు. నలభై మూడయ్యాక చీటీలు చూస్తున్నాడు. బాల్ పైథాన్లలో స్పైడర్ అనే రకం ఒకటుంది, సాలెగూడులాంటి సన్నని గీతలతో ఎంతో అందంగా ఉంటుందట. ఆ గీతలతో పాటే తల వణికే జబ్బు కూడా పుట్టుకతో వస్తుంది. కొన్ని తిన్నగా ఎలుకను పట్టుకోలేవు. అందం కోసం వాటిని కావాలని పుట్టిస్తున్నారు. ఆదాము జంతువులకు పేర్లు పెట్టినప్పుడు అతనికి ఇచ్చిన పని ఇది కాదు. "నా దగ్గర కూడా రెండున్నాయి. కొన్నప్పుడు రంగే చూశాను" అని అబ్బాయి తల దించుకున్నాడు.

ఇంతవరకు అతని తప్పు చెప్పాం. ఇప్పుడు మా తప్పు చెప్పాలి.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఒక రాత్రి అతనే ఫోన్ చేశాడు. చాలాసేపు మాట్లాడాడు. "అయ్యగారూ, ఆఫీసు నుంచి ఇంటికొస్తే తలుపు తీసేవాళ్లు లేరు. పాము నన్ను గుర్తుపడుతుందని నేననుకోను. కుక్కలాగా తోక ఊపదు. కానీ నేను నీళ్లు పెట్టకపోతే అది బతకదు. నేను ఎవరికో ఒకరికి కావాలి కదా" అన్నాడు.

అతను అమెరికా వెళ్లి ఏడేళ్లు. ఈ ఏడేళ్లలో మేము అతనికి ఎన్నిసార్లు ఫోన్ చేశామో లెక్క వేసుకున్నాం. నాలుగుసార్లు. మందిరం స్లాబు కోసం ఒకసారి, మైకు సెట్టు కోసం ఒకసారి, క్రిస్మస్ చీరల కోసం ఒకసారి, ప్రహరీ గోడ కోసం ఒకసారి. అడిగినప్పుడల్లా పంపాడు. నీతో కలిసి భోజనం చేసేవాళ్లెవరైనా ఉన్నారా నాయనా అని మేము ఒక్కసారి కూడా అడగలేదు. అక్కడ తెలుగు సంఘం ఏదైనా ఉందా, ఎవరి పరిచయమైనా ఇప్పించగలమా అని ఆలోచించలేదు. స్లాబు కింద కూర్చుని ఇది రాస్తున్నాం. ఫ్యాన్ తిరుగుతోంది. ఆ పిల్లవాడి ఒంటరితనం మీద మేము కట్టుకున్న నీడలా ఉంది ఇది. దేవుడు మమ్మల్ని క్షమించును గాక.

కాబట్టి తల్లిదండ్రులారా, సంఘ పెద్దలారా, మీ పిల్లవాడు ఏదైనా ఒక సరదాలో మునిగిపోయాడంటే ముందు దాన్ని వెక్కిరించకండి. అది పాములైనా, చేపలైనా, బైకులైనా, ఫోన్లో ఆటలైనా సరే. అందులో అతనికి దొరుకుతున్నదేంటో, మన దగ్గర దొరకనిదేంటో అడగండి. ఆ తండ్రి "ఎన్ని పగిలాయిరా" అని అడిగిన ప్రశ్న ఆ కొడుకును మా ప్రసంగాలన్నిటికంటే ఎక్కువ కదిలించిందని తర్వాత తెలిసింది.

సరదా ఉన్నవాళ్లకు కూడా మూడు మాటలు చెబుతాం.

మొదటిది. పౌలు కొరింథు సంఘానికి రాస్తూ, తనకు అన్నిటికీ స్వాతంత్ర్యం ఉందిగాని దేనికీ తాను లోబడిపోనని తీర్మానించుకున్నాడు. మీ సరదాను ఆ తూకంలో వేయండి. డబ్బు లెక్క తర్వాత. రేపు ఉదయం పిలుపు వస్తే రెండు వారాలు దాన్ని విడిచి వెళ్లగలరా? వెళ్లలేకపోతే, అది మీ చేతిలో ఉందా, మీరు దాని చేతిలో ఉన్నారా?

రెండోది. ఇంకొకటి తెచ్చే ముందు ఒక మనిషితో చెప్పండి. భార్యతోనో, స్నేహితుడితోనో, కాపరితోనో. "ఇంకొక్కటే" అనే మాట మనసులో అనుకుంటే చాలా చిన్నదిగా ఉంటుంది. పైకి చెబితే దాని సైజు తెలుస్తుంది.

మూడోది. తగ్గించుకోవాలని దేవుడు మీతో మాట్లాడితే, ఉద్రేకంలో జీవులను బయట పారేయకండి. హిజ్కియా పగలగొట్టింది ఇత్తడిని, ప్రాణమున్నదాన్ని కాదు. మీరు తెచ్చుకున్న ప్రాణానికి మీరే బాధ్యులు. చూసుకోగల మంచి ఇల్లు దొరికేదాకా నీళ్లు, వేడి, మేత తగ్గకూడదు. పశ్చాత్తాపం అంటే బాధ్యత దులుపుకోవడం కాదు.

ఆ అబ్బాయి సంగతి చెప్పి ముగిస్తాం. క్రిస్మస్‌కు ముందు ఫోన్ చేసి, ముప్పై పాములకు వేరే ఇళ్లు చూశానన్నాడు. తల వణికే ఆ రెండింటిని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. "వీటిని ఎవరు చూస్తారయ్యా, ఉన్నన్నాళ్లు నేనే చూసుకుంటాను. పిల్లలు మాత్రం పెట్టించను" అన్నాడు. ఎలుకల పెంపకం ఆపేశాడు. జనవరిలో మూడు వారాలు ఊరికి వచ్చాడు. తోటి ఉద్యోగి ఒకడు రోజు విడిచి రోజు వెళ్లి నీళ్లు, వేడి చూశాడట.

ఊరికి వచ్చిన రెండో రోజు మాతో ఒక మాట అన్నాడు. "అయ్యగారూ, పెద్ద బాల్ పైథాన్ నెలల తరబడి తినకపోయినా బతుకుతుంది. ఈ సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు. ఆ గుడ్లు కూడా, పెట్టె వేడి సరిగ్గా ఉంటే వాటంతట అవే పగులుతాయి. నేను రావొచ్చు. రాలేనని ఎందుకన్నానో నాకే అర్థం కావట్లేదు."

ఎడ్లు కొన్నవాడు కూడా ఆ రాత్రి తన కొట్టంలో నిలబడి ఇలాగే అనుకుని ఉంటాడు. అతనికి ఆ విందు మళ్లీ దొరికిందో లేదో లూకా రాయలేదు. మన అబ్బాయికి మాత్రం దొరికింది. ఆదివారం తండ్రి పక్కన చాప మీద కూర్చుని ప్రభువు బల్లలో పాలుపొందాడు. ఇంకా పదమూడు పాములున్నాయి. అతని కోసం ప్రార్థన మానకండి. అక్కడ అతని ఊరికి దగ్గర్లో ఉన్న మన తెలుగు విశ్వాసులెవరైనా ఇది చదువుతుంటే మాకు తెలియజేయండి, అతన్ని ఒక పూట భోజనానికి పిలవండి. పాముల గురించి అడగండి, బాగా చెబుతాడు.

మన చేతుల్లో ఉన్న మంచివాటిని మన మీద కూర్చోనివ్వకుండా, పిలిచినప్పుడు లేచి వచ్చే మనసును ప్రభువు మనందరికీ దయచేయును గాక. ఆమేన్.